చేతులూపుకుంటా రా అన్నా

చేతులూపుకుంటా రా అన్నా, అనింది నాగలత. నిన్న పొద్దున ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. ఈ బస్సు ఆలూరులో కదిలినప్పట్నుంచి దాన్నే చెవికానిచ్చుకోని మల్ల మల్ల వింటాండా. పక్క సీటాయన నా మొగం చూసి ఎవురో పోయినారనుకున్నాడో ఏమో, దేవనకొండలో దిగిపోతా నా భుజం తట్టి మరీ పోయినాడు. ఎవురూ పోలేదప్పా, నా మేనకోడలికి ఈరోజు ఐదో పుట్టినరోజు, అని చెప్పేలోపల బస్సు కదిలింది. మెసేజ్‌లో నా చెల్లెలు ఏమంటాదంటే, రేపు పాప పుట్టినరోజు కదా, నువ్వు కచ్చితంగా రావాల, కానీ ఏం తేవద్దు, నిజంగా చెప్తాండా, ఇంట్లో అడుగు పెట్టేదానికి జాగా లేదు, బొమ్మలు, డబ్బాలు, మంచం కింద కూడా నిండిపోయింది, చేతులూపుకుంటా రా అన్నా. అంతే. చెప్పడం అయిపోయినాక కూడా వేలు తియ్యడం మరిచిపోయినట్టుండాది, రోంతసేపు గిన్నెల చప్పుడు, కుక్కర్ ఈల, అప్పుడు ఇంకో గదిలోనించి తనూజ అరుస్తాది, అమ్మా, మామతోనా, మామతోనా మాట్లాడతాండావు, అని. ఆడికి తెగిపోతాది. నేను ఇన్నిసార్లు వింటాండేది ఆ చివరి ముక్క కోసమే.

కోడుమూరులో బస్సు నిలబడింది, డ్రైవరు టీకి దిగినాడు. ఇంగ కర్నూలు గంటసేపు. ఆ గంటలో నేను ఒకటి తేల్చుకోవాల. చెప్పినట్టే వట్టి చేతులతో పోవాల్నా, ఏమన్నా కొనాల్నా, కొంటే ఏం కొనాల, ఆ ఇంట్లో జాగా పట్టనిది, పాప పక్కన పారెయ్యనిది, వాళ్ళమ్మ తిట్టనిది, అట్లాంటిది ఏమన్నా చేస్తాండారా ఈ లోకంలో. రోడ్డుకు అవతల ఒక అంగడి, ముందర వలసంచుల్లో బంతులు, ప్లాస్టిక్ వంటసామాన్లు, దండేనికి చెవులు కట్టి వేలాడదీసిన ఎలుగుబంట్లు, కీ ఇస్తే డోలు కొట్టే కోతి. చూస్తా చూస్తానే దిగినా, రోడ్డు దాటినా, కోతిని చేతిలోకి తీసుకున్నా. అంగడాయన కీ ఇచ్చినాడు, అది టకటకా డోలు కొట్టింది, నాకు నవ్వొచ్చింది, పాప కూడా నగుతాది అనుకున్నా, అనుకున్నంతలోనే నాగలత మొగం కనబడింది, మంచం కింద కూడా నిండిపోయిందన్నా, అంటాండాది. కోతిని ఆడే పెట్టేసినా. ఏమప్పా, బేరమన్నా చెయ్యకుండా పోతాండావే, అన్నాడు అంగడాయన. మా చెల్లెలింట్లో జాగా లేదంట, అన్నా. ఆయప్ప నన్ను ఎగాదిగా చూసినాడు. చూడడా మరి, కోతికెంత జాగా కావాల.

మల్ల సీట్లో కూచున్నాక కోపమొచ్చింది. చేతులూపుకుంటా రా అనేది మేనమామతో అనే మాటేనా. పాపకు పుట్టెంటికలు తీయించింది ఎవురి ఒళ్ళో, నా ఒళ్ళో. చెవులు కుట్టించింది ఎవురి తొడ మీద, నా తొడ మీద. ఆరోజు అది నా చొక్కా గుండీ పట్టుకోని లాగి లాగి తెంపి, గుప్పిట్లో పెట్టుకోని ఏడ్సింది, ఆ చొక్కాకు ఇంగా గుండీ కుట్టించలేదు నేను, ఇప్పుడు వేసుకోనుండేది కూడా అదే. పుట్టింటి నుంచి వచ్చేవాడు వట్టి చేతులతో వస్తే చూసినోళ్ళు ఏమంటారు. అమ్మ లేదు, నాయన ముందే లేడు, ఆ ఆడబిడ్డకు పుట్టిల్లంటే నేనొక్కడినే, నేను తెచ్చిందే పుట్టింటి సారె, నేను తేకపోతే పుట్టిల్లే లేనట్టు. అందుకేగా ప్రతి యాడాది ఎక్కువెక్కువ మోసుకొచ్చింది. మొదటి పుట్టినరోజుకు మా ఊరి వడ్రంగితో మూడు చక్రాల బండి చేయించినా, పాప పట్టుకోని నడుస్తాదని, చింతకొయ్యతో, గట్టిగా ఉండాలని. అది ఎంత గట్టిదంటే వాళ్ళ వాకిట్లో పట్టలేదు. అడ్డం తిప్పి, నిలువు తిప్పి, చివరికి మిద్దె మీదికి ఎక్కించినారు, మరుసటి యాడాది పోయి చూస్తే దాంట్లో ఉల్లిగడ్డలు ఆరబోసుండారు. ఏందే ఇది అంటే, గాలి బాగా ఆడతాదన్నా, అనింది నాగలత. నిజమే, ఉల్లిగడ్డ ఒక్కటి కూడా కుళ్ళలేదు.

మేకపిల్ల సంగతి ఇంగా మేలు. మా దిక్కు బిడ్డ పేరున మేకపిల్లనో గొర్రెపిల్లనో విడుస్తారు, దాని ఈతలన్నీ ఆ బిడ్డవే. విడిస్తే మందలో విడవాల. నాకేమో పాప దాన్ని చూడాల కదా అనిపించింది. చూడకుండా నాదని ఎట్ల తెలుస్తాది. కండువాలో చుట్టుకోని ఇదే బస్సులో ఎక్కించినా, కండక్టరు దానికి కూడా టికెట్టు కొట్టినాడు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఎత్తుకోని ఎక్కినా. పాప దాన్ని చూసి నగిన నగు నేను చచ్చేదాకా మరిచిపోను, ఎక్కిళ్ళు పట్టేదాకా నగింది. మేక వాళ్ళ తలుపుకు కట్టిన మామిడాకు తోరణం తినింది, పక్కింటామె చెప్పులకాడ పెంటికలు వేసింది, ఇల్లుగలామె మెట్లెక్కి వచ్చి నోరు చేసుకునింది, నాగలత తలకాయ పట్టుకోని కూచుండిపాయె. అన్నా, నీకు బుద్ధుండాదా, ఇది పొలమనుకున్నావా, అనింది. సాయంత్రం బస్సుకే దాన్ని తిరిగి తెచ్చినా. పాప ఏడ్సింది, నేను ఏడవలేదు, మేక మాత్రం కోడుమూరు దాకా అరుస్తానే వచ్చింది. ఆస్పరి సంతలో కంబన్నకు ఇచ్చేసినా దాన్ని, మా పక్కింటి కంబన్నకే, కళ్ళముందర తిరుగుతాంటే చూడలేక. అది తిరుగుతానే ఉండాది, పక్కిల్లే కదా.

బస్సు కదిలే ముందర ఒక పెద్దామె ఎక్కి నా పక్కన కూలబడింది, ఒళ్ళో సంచి, నుదుటి మీద పెద్ద భండారు బొట్టు, పసుపుది. ఆడోళ్ళకు టికెట్టు లేకుండా చేసినప్పట్నుంచి బస్సులన్నీ వీళ్ళవే. కూచోని ఊపిరి పీల్చుకోని, నా ఒళ్ళోకి చూసింది, నా కాళ్ళకాడ చూసింది, పైన సామాన్లు పెట్టేకాడ చూసింది.

"ఏమప్పా, యాడికి పోతాండావు?"

"కర్నూలుకు, అవ్వా. చెల్లెలింటికి. పాప పుట్టినరోజు."

"వట్టి చేతులతోనా?"

ఆ మాట నేరుగా వచ్చి తగిలింది. తేవద్దన్నారు అవ్వా, ఇంట్లో జాగా లేదంట, అన్నా. ఆమె నగింది, పళ్ళు లేని నోరంతా తెరిచి. ఆమె పేరు హులిగెమ్మ అంట, కొడుకు దగ్గరికి పోతాండాదంట, పోయిన తూరి కోడలికి రోలు తీస్కపోయిందంట, మా ఊరి రాయి, దాంట్లో నూరిన కారమే కారం అని, ఇద్దరు మొగోళ్ళు పట్టి దించినారంట. కోడలు దాన్ని మెట్ల కింద పెట్టింది, చెప్పులు ఆన్చేదానికి, అని చెప్పి మల్ల నగింది. మరి ఈ తూరి ఏం తీస్కపోతాండావు అవ్వా అంటే సంచి తట్టి చూపించింది. కారంపొడి, అనింది, తింటే ఐపోతాది, ఐపోతే మల్ల నన్నే అడగాల. తర్వాత రెండు నిమిషాలకే నిద్రపోయింది, తల నా భుజం మీద ఆనించి. ఎన్నాళ్ళయిందో నా మీద ఒక మనిషి తల ఆనించి. కదిలితే లేస్తాదేమోనని కూచున్నోడిని కూచున్నట్టే ఉండా.

తింటే ఐపోయేది. నేనూ అనుకున్నా అది. మొన్న ఓళిగలు చేద్దామని కూచున్నా, అమ్మ చేస్తాంటే చూసినా కదా, ఏముండాది దాంట్లో, బేడలు ఉడికించి, బెల్లం వేసి రుబ్బి, పిండిలో పెట్టి తట్టాల. తట్టినా. పూర్ణం ఒకదిక్కు, పిండి ఒకదిక్కు పోయింది. కంబన్న వచ్చి ఒకటి నోట్లో పెట్టుకోని, వీరేషా, దీన్ని చెప్పులు కుట్టేటాయనకు ఇద్దామా, అన్నాడు. ఆవుకు పెట్టినా, ఆవు మంచిది, తినింది. చాక్లెట్లు తీస్కపోతే పళ్ళు పుచ్చుతాయంటారు. గౌను కొంటే, పోయిన తూరి కొన్నది పాపకు పట్టలేదు, నడుమ్మీదికే రాలేదు. నేను చూసి ఎన్నాళ్ళయింది, నా కళ్ళల్లో ఉండే పాప ఇంత, ఆడ పెరిగిన పాప ఇంత, నేను నా కళ్ళల్లో పాపకు కొన్నా. అంగడామె వయసెంతప్పా అంటే చేత్తో నా మోకాలు పైన చూపించినా. ఆ మోకాలు కొలత పాతబడిపోయిందని నాకెవురు చెప్తారు. ఆ గౌను వేసుకోలేక పాప ఏడ్సిందంట, నాగలత చెప్పలేదు, వాళ్ళాయన పరమేషే నోరుజారి చెప్పినాడు.

జాగా పట్టడమే తప్పయితే, నేను జాగా పట్టాలనే తీస్కపోయినా. ఇది ఎవురితోనూ అనలేదు, ఈ నిద్రపోయే అవ్వ వింటాందో లేదో, మనసులోనే అనుకుంటాండా. ఆ ఇంట్లో నాది ఒక వస్తువు ఉండాల. పాప పొద్దున లేసి దానికి కాలు తగిలి పడినా సరే, ఎవురిది ఇది, మామది, అనాల. మూడు చక్రాల బండి పోయింది, మేక పోయింది, ఎలుగుబంటి ఒకటి కొంటి, అది బీరువా మీద మూట కట్టి ఉండాది. ఇప్పుడు ఏం తేవద్దంటే, నేను ఆ ఇంట్లో యాడ ఉండాల. ఫోన్‌లోనా. ఫోన్ పక్కన పెడితే నేనూ పక్కకు పోతా. ఇంకో రెండేండ్లకు, మీ మామ వచ్చినాడే అంటే ఏ మామ అంటాది, పిల్లలంతే, వాళ్ళ తప్పేం కాదు. ఈ భూమ్మీద నన్ను మామా అని పిలిచేది అదొక్కటే. నాయనా అని పిలిచేవాళ్ళు పుట్టేటట్లు లేరు. సేద్యం చేసేవానికి పిల్లనియ్యరు ఈ కాలంలో, ఆలూరు దిక్కు సేద్యమంటే అసలు ఇయ్యరు. పత్తికొండలో ఒక సంబంధం చూసేదానికి పోతే, పిల్ల మేనత్త ఉగ్గాని పెట్టి, పిల్లోడు ఏం చేస్తాడు అనింది, సేద్యం అన్నాడు నాతో వచ్చిన కంబన్న. అది సరే, పని ఏం చేస్తాడు, అనింది. ఉగ్గాని మాత్రం బాగుండాది. ఆ తర్వాత ఇంగ ఎవురింటికీ పోలేదు, తలకు రంగేసుకోని మరీ కూచోని, వాళ్ళు నా చేతులు చూడడం, నేను దాచుకోవడం, యాల వచ్చింది పో.

గూడూరు దాటినాం. ఎండ అప్పుడే కిటికీ ఇనుము మీద కాలతాండాది, మార్చి నెలకే ఇట్లుంటే మే నెలలో ఏముంటాదో. పొలాల్లో పత్తికట్టె ఎండిపోయి నిలబడుకోనుండాది. నాగలత ఊరికి వచ్చి శానా కాలమాయ. అమ్మ సంవత్సరీకానికి వచ్చిందే చివర. అమ్మ పేరు హంపమ్మ, ఊరంతా హంపక్క అంటారు. ఆరోజు నాగలత వాకిట్లోనే నిలబడుకోని పని చేసింది, వంట బయట పొయ్యి మీద, భోజనాలు పందిట్లో, నడింట్లోకి ఒక్కసారి కూడా రాలేదు. రాత్రికి ఉండవే అంటే, పాపకు బడి ఉండాదన్నా అనింది. శనివారం అది, తెల్లారితే ఆదివారం. ఇంకోసారి ఫోన్‌లో అడిగితే అప్పుడు చెప్పింది, అమ్మ లేని ఇంట్లోకి కాలు పెట్టబుద్ధి కాదన్నా, నువ్వు ఎట్లుంటాండావో నాకైతే అర్థం కాదు, అని. నేను ఎట్లుంటాండా. కుండలో అన్నం కుండలోనే కలుపుకోని, పొయ్యి ముందర నిలబడుకోని తింటా. పళ్ళెం కడగాల్సిన పని లేదు. నిద్రొస్తే పండుకుంటా. అర్థం కావాల్సింది ఏముండాది దాంట్లో. బస్సుకు టికెట్టు కూడా లేదు ఇప్పుడు ఆడోళ్ళకు, ఊరికే ఎక్కి కూచుంటే ఆలూరులో దిగుతాది, అయినా రాదు. దానికి ఆ ఇంట్లో ఏం లేదు కాబట్టి రాదు, అనుకున్నా నేను.

ఏం లేదా. ఏం లేదంటే, దాని గూడుండాది కదా.

మాది పాత రాతి ఇల్లు, మట్టిమిద్దె. గోడ ఎంత లావంటే దాంట్లోనే గూళ్ళు ఇడిసినారు కట్టేటప్పుడు. దీపం గూడు ఒకటి, దాని పక్కన నాది, మిద్దెకు ఇడిసిన గవాచి కింద, వెలుతురు పడేకాడ నాగలతది. చిన్నప్పుడు అమ్మ పంచి ఇచ్చింది, ఇది నీది, ఇది దానిది, ఒకరి గూట్లో ఒకరు చెయ్యి పెడితే చెయ్యి విరుస్తా, అని. దానికొక కట్టడి ఉండాది. గూట్లో పట్టినంతే నీది. నిండిందా, కొత్తది పెట్టాలంటే పాతది ఒకటి తీసి ఎవురికన్నా ఇచ్చి రావాల. నా గూట్లో గోలీలు, బొంగరం, అగ్గిపెట్టెలో బంగారుపురుగు, యాడో దొరికిన లారీ అద్దం. నాగలత గూట్లో అచ్చంగాయల రాళ్ళు, పగిలిన గాజుముక్కలు, రిబ్బను, మూత లేని పౌడరు డబ్బా. అది తన గూడు ముందర గంటలు గంటలు కూచునేది, ఒకటి తీసి, ఒకటి పెట్టి, మల్ల తీసి. ఏం ఇయ్యాల, ఏం ఉంచుకోవాల అని అంత చిన్నప్పుడే ఎంత లెక్కో దానికి. ఒకసారి రిబ్బను పెట్టేదానికి రాళ్ళు తీసి పక్కింటి పిల్లకు ఇచ్చి, రాత్రంతా ఏడ్సి, పొద్దున పోయి రిబ్బను ఇచ్చి రాళ్ళు తెచ్చుకునింది. అమ్మ నగింది.

పెండ్లయినాక నాగలత తన గూట్లోవన్నీ ఒక చేతిగుడ్డలో కట్టుకోని పోయింది. ఆ యాడాది ఉగాదికి నేను ఆ గూట్లో రేడియో పెడదామని పోతే, అమ్మ నా చెయ్యి మీద చీపురుతో కొట్టింది, నిజంగా కొట్టింది, అంత పెద్దోడిని. ఆడబిడ్డ గూడు అది, దాంట్లో ఇంకొకరు చెయ్యి పెట్టగూడదు, అది వచ్చినప్పుడు దానికి జాగా ఉండాల కదరా, అనింది. సున్నం కొట్టి, చుట్టూ ఎర్రమన్ను జాజుతో గీత తీసి, వట్టిగా పెట్టింది. ప్రతి ఉగాదికి అంతే. అమ్మ పోయినాక నేనూ కొడతాండా. మొన్న ఉగాదికి కూడా సున్నం నానబెట్టి, గోడలన్నీ ఇడిసిపెట్టి, ఆ గూటికి ఒక్కదానికే కొట్టినా, జాజు వంకరగా వచ్చింది, నా చెయ్యి అమ్మ చెయ్యి కాదు. యాల కొడతాండావు వీరేషా, అని కంబన్న అడిగితే, ఊరికే, అన్నా. నిజంగానే నాకు తెలీదు. ఇల్లంతా ఖాళీ, ఉట్టి ఖాళీ, అటక ఖాళీ, మూడు కాళ్ళ మంచం ఖాళీ, అట్లాంటి ఇంట్లో ఒక ఖాళీ గూటికి సున్నం కొట్టుకుంటా కూచుంటే ఎవురైనా పిచ్చోడనుకుంటారు.

హంద్రి వంతెన ఎక్కింది బస్సు. హంద్రిలో నీళ్ళు లేవు, గేదెలు ఉండాయి, కంపచెట్లు ఉండాయి, నడిమధ్యన ఇంత మడుగు. అదంతా చూస్తా ఉండాను, చూస్తా చూస్తానే తట్టింది. ఎంత మొద్దునప్పా నేను. ఆ ఇంట్లో జాగా లేదు. నా ఇంట్లో జాగా తప్ప ఏం లేదు. వాళ్ళకు లేనిది నా దగ్గర ఉండాది, మూటలు మూటలుగా ఉండాది, నేనేమో వాళ్ళకు ఎక్కువైపోయినదాన్నే ఇంగా కొనుక్కోని మోసుకుపోతాండా ఇన్నేండ్లు. పాపకు గూడు ఇస్తా. ఇది నీది, దీంట్లో పట్టినంతే నీది. అది కర్నూలుకు తేవాల్సిన పని లేదు, మెట్లెక్కించాల్సిన పని లేదు. ఒక్కసారిగా ఎంత సంతోషమాయనో, నా భుజం కదిలి అవ్వ లేసింది. వచ్చిందా ఊరు, అనింది. వచ్చింది అవ్వా, అన్నా. బళ్ళారి చౌరస్తాలో ఇద్దరం దిగినాం, ఆమె కారం సంచి దించి ఇచ్చినా, ఆటో ఎక్కించినా. ఎక్కినాక కూడా నా చేతుల దిక్కే చూస్తాండాది.

ఆటో కోసం నిలబడుకున్నప్పుడు భయం పట్టుకునింది. ఐదేండ్ల బిడ్డకు ఖాళీ గూడంటే ఏం తెలుస్తాది. చుట్టూ పిల్లలు రంగుకాగితాలు చుట్టిన డబ్బాలు తెస్తారు, మేనమామ వచ్చి ఏందో మా ఇంట్లో గోడకు రంధ్రముండాది అంటాడు. నగుతారు. పరమేష్ వాళ్ళమ్మ అయితే నోరు తెరిచే అంటాది, దుడ్లు లేకపోతే లేవని చెప్పొచ్చు కదా అని. ఎదురుగానే పెద్ద అంగడి, అద్దాల వెనక బ్యాటరీ కార్లు. కాళ్ళు అటు పోతాండాయి. పట్టుకోని ఆపుకున్నా. చేతులు జేబుల్లో పెట్టుకున్నా, మల్ల తీసినా, ఊపుకుంటా రమ్మనింది కదా, ఊపుకుంటానే పోదాం. మూడు అంతస్తులు, ఒక్కొక్క మెట్టు ఎక్కుతాంటే గుండె దడదడమంటాది, పత్తికొండలో పెండ్లిచూపులకు పోయినప్పుడు కూడా ఇంత దడ లేదు నాకు.

తలుపు తీసే ఉండాది. పాప పచ్చ గౌనులో పరుగెత్తుకోని వచ్చింది, నా మోకాలు ఎప్పుడో దాటేసింది, నడుము దాకా ఉండాది. నా దిక్కు చూడకుండా నా వెనక మెట్లు తొంగి చూసింది.

"మేక యాడ మామా?"

పాపకు గుర్తుండాది. ఎలుగుబంటి కాదు, బండి కాదు, ఒక్కపూట ఉండి పోయిన మేక. మేక లేదమ్మా, అన్నా. రెండు చేతులు తెరిచి చూపించినా. ఏం తేలేదు. మరి, అనింది. ఆ మరికి జవాబు చెప్పేదానికి ఆడే వాకిట్లో కింద కూచున్నా. మా ఇంట్లో నీకొక గూడుండాది, గోడలో, ఇంత ఉంటాది, అని చేతులు పెట్టి చూపించినా, పొడుగు, వెడల్పు, లోపలికి మోచెయ్యి దాకా. పాప నా చేతుల నడుమ తల పెట్టి చూసింది.

"దాంట్లో ఏముండాది?"

"ఏం లేదు."

"ఏం లేదా?" అనింది, కళ్ళు పెద్దవి చేసి. ఏడుస్తాదేమో అనుకున్నా. ఏడవలేదు. "శానా ఏం లేదా?"

"శానా ఏం లేదు. నువ్వు ఏం పెట్టాలంటే అది పెట్టుకోవచ్చు. వేరేవాళ్ళు చెయ్యి పెట్టగూడదు."

వంటింట్లోనించి నాగలత గరిటె చేతిలో పట్టుకోనే వచ్చింది, నన్ను తిట్టేదానికే వచ్చినట్టుండాది, చుట్టూ సంచి కోసం చూసింది, లేదు. ఏ గూడన్నా, అనింది. నీదే, గవాచి కింద, అన్నా. దాంట్లో ఇన్నాళ్ళు ఏం పెట్టలేదా నువ్వు, అనింది. పెడితే అమ్మ కొట్టదా, అన్నా, మొన్న సున్నం కూడా కొట్టినా, జాజు రోంత వంకరగా వచ్చింది. నాగలత గరిటెలోనించి పప్పు నేల మీద కారతాండాది, అది చూసుకోలేదు.

పాప ఈలోపల మాయమైపోయింది. మంచం కిందనించి బొమ్మలు ఒకటొకటే బయటికి వచ్చి పడతాండాయి, కోతి కూడా ఉండాది వాట్లో, డోలు కొట్టే కోతి, సరిగ్గా కోడుమూరులో చూసిందే. ఏదీ నచ్చినట్టు లేదు. లేసి వంటింట్లోకి పోయింది, గిన్నెలు దబదబా పడిన చప్పుడు, తిరిగి వచ్చి ఒక చిన్న స్టీలు పళ్ళెం నా ఒళ్ళో పెట్టింది. అన్నప్రాసనకు మా అమ్మ ఇచ్చిన పళ్ళెం, అంచున తనూజ అని పేరు కొట్టించింది ఆదోనిలో.

"ఇది పెట్టు."

"పళ్ళెం యాలమ్మా? బొమ్మ పెట్టుకోవా?"

నన్ను చూసి పాప నుదురు కొట్టుకునింది, అచ్చం మా అమ్మ మాదిరి.

"నేనాడికి వస్తే దేంట్లో తినాల మామా?"

నాగలత వంగి ఆ పళ్ళెం తీసుకునింది. పైటచెంగుతో తుడిచింది, తుడిచిందే తుడిచింది. వట్టి పళ్ళెం ఇయ్యగూడదు కదా అని లోపలికి పోయి చిన్న బెల్లంముక్క వేసి తెచ్చి, నా చేతికి ఇచ్చింది, కానీ తన చెయ్యి తియ్యలేదు. పళ్ళేన్ని ఇద్దరం పట్టుకోనుండాం. అది నా మొగం చూడకుండా, నా చొక్కాకు గుండీ లేనికాడ చూస్తా అడిగింది.

"మిద్దె ఇంగా కారతాదా అన్నా? సెలవుల్లో పిల్లను తీసుకోని వస్తే పండుకునేదానికి ఎట్ల?"

కారదు, అన్నా. కారతాది. నడింట్లో సరిగ్గా మంచం వేసేకాడనే కారతాది. పొద్దున్నే కంబన్నను లేపాల, బండి కట్టించి చౌడుమన్ను తోలించాల, వాన రాకముందే మిద్దెంతా పరిపించాల.